హద్దుల్లో పని చేస్తే కళ ఎదుగుతుందా, ఎండిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఫైన్ ఆర్ట్స్ చదివి తిరుపతిలో ఒక ప్రింటింగ్ షాపులో డిజైనర్‌గా చేస్తున్నారు. పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు, షాపు బోర్డులు. పొద్దున్నుంచి రాత్రి దాకా కస్టమర్ చెప్పిన రంగు, చెప్పిన సైజు, చెప్పిన టైం. ఇంటికొచ్చాక సొంత బొమ్మలకి ఒక గంట మిగిలితే గొప్ప. చుట్టూ ఉన్నవాళ్ళేమో "కష్టాల్లోంచే కళ పుడుతుంది" అంటున్నారు. అది నిజమేనా, లేక ఉద్యోగం మానేసి కొన్నాళ్ళు స్వేచ్ఛగా గీసుకుంటేనే ఏమైనా అవుతుందా అని అడిగారు.

నేను శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేస్తాను, నేర్పిస్తాను కూడా. పుట్టింటి విద్య కాదు, పెళ్ళై ఈ ఊరు వచ్చాక నేర్చుకున్నదే. ముప్పై ఏళ్ళు పైబడింది. నాకు తెలిసినంతవరకు సూటిగా చెప్తాను.

హద్దు మేలు చేస్తుంది, కానీ రెండు షరతుల మీద. ఒకటి, అది ఇవాళ ఒకలా, రేపు ఒకలా మారకూడదు. రెండు, ఆ హద్దు లోపల ఏం చెయ్యాలన్నది మీ చేతిలో ఉండాలి. ఈ రెండూ లేని అడ్డంకి మనిషిని అరగదీస్తుంది, అంతే. "కష్టాల్లోంచే కళ" అనేవాళ్ళు ఈ రెండు రకాల్నీ ఒకే గాటన కట్టేస్తారు. అందుకే ఆ మాట విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది.

ముందు మా పని సంగతి చెప్తాను. అందులో ఉన్నవన్నీ హద్దులే.

గాడా గుడ్డని, అంటే ముతక నూలు గుడ్డని, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెడతాం. పాలలో ఉన్న కొవ్వు వల్ల రంగు గుడ్డ మీద పాకిపోదు. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో లేతగా గుర్తులు పెట్టుకుంటాం. తర్వాత నలుపు గీత. నలుపుకి వాడేది కసిమి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే దిగే నీళ్ళు అవి. కలం అంటే మొన చెక్కిన వెదురు పుల్ల. మొనకి కొంచెం పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తాం. ఉన్ని కసిమిని పీల్చుకుంటుంది. వేళ్ళతో నొక్కేకొద్దీ అది మొనలోకి దిగుతుంది.

కసిమి గుడ్డని తాకినప్పుడు మొదట పాలిపోయినట్టుగా ఉంటుంది. చూస్తుండగానే అందులోని ఇనుము, గుడ్డలోని కరక్కాయ వగరు కలిసి నల్లబడుతుంది. ఇక చెరగదు. రబ్బరు లేదు, అన్‌డూ లేదు.

కొత్తగా వచ్చినవాళ్ళకి దీంతో చచ్చేంత టెన్షన్. చెయ్యి వణికి గీత తడబడుతుంది. కొన్నాళ్ళకి ఒక మార్పు వస్తుంది. కలం ముంచకుండా గుడ్డ ముందు కూర్చుని ఊరికే చూస్తుంటారు. గీత ఎక్కడ మొదలవ్వాలి, ఎటు తిరగాలి, ఎక్కడ ఆగాలి, అన్నీ గుడ్డని తాకకముందే తేల్చుకుంటారు. ఆ చూపు పట్టుబడ్డాక వాళ్ళ పనే వేరుగా ఉంటుంది. పెన్సిల్‌తో గీసి చెరిపే అలవాటు గట్టిగా ఉన్న పిల్లలకి ఈ చూపు రావడం ఆలస్యమవుతుందని నేను గమనించాను. చెరపడానికి వీలుంటే ఆలోచన గీసిన తర్వాత మొదలవుతుంది. వీలు లేకపోతే ముందే మొదలవ్వాలి, తప్పదు.

రంగుల దగ్గర ఇంకా గట్టి కట్టుబాట్లు. ఎరుపు రావాల్సిన చోట ముందు పటిక నీళ్ళు పూస్తాం. పటికకి సొంత రంగు లేదు. గుడ్డని పారే నీళ్ళలో ఉతికి, మంజిష్ఠ, సురుడుచెక్క లాంటివి వేసిన నీళ్ళలో ఉడకబెడితే పటిక తగిలిన చోట ఎరుపు పట్టుకుంటుంది, మిగతా చోట నిలవదు. ఆ తర్వాత తెల్లగా ఉండాల్సిన చోటుని మళ్ళీ తెలుపు చెయ్యాలి, మళ్ళీ పాలు పట్టించాలి. అప్పుడు కరక్కాయ పువ్వుతో పసుపు. ఆపైన నీలిమందు. ఆకుపచ్చ విడిగా లేదు, పసుపు మీద నీలం వేస్తేనే ఆకుపచ్చ. ఈ వరస తిరగబడదు. పసుపు వేసేశాక "ఇక్కడ ఎరుపైతే బాగుండేదే" అనిపిస్తే గుడ్డ మొత్తం మళ్ళీ ఉడకాలి.

ఇన్ని చిక్కుల మధ్య పాతవాళ్ళు ఏం చేశారో చూడండి. నీడలు, వెలుగులు వెయ్యడానికి ఈ రంగులు అంతగా లొంగవు. అందుకని బరువంతా గీత మీద వేశారు. బట్టల మీద చుక్కలు, గళ్ళు, నగల్లో వెంట్రుకంత సన్నటి గీతలు. రంగులు తక్కువ కాబట్టి ఒక్కో రంగుకీ ఒక్కో పని అప్పజెప్పారు. విష్ణువు, రాముడు, కృష్ణుడు నీలం. ఆడవాళ్ళు ఎక్కువగా పసుపు. గుళ్ళో కట్టిన పెద్ద గుడ్డని దూరం నుంచి చూసినా ఎవరు ఎవరో తెలిసిపోతుంది. చేతిలో లెక్కలేనన్ని రంగులు ఉంటే ఇంత స్పష్టమైన పద్ధతి ఏర్పడేదని నేను అనుకోను.

ఇందులో నేను మీకు చూపించాలనుకున్నది ఒక్కటే. కరక్కాయ గుణం మారదు. పటిక గుణం మారదు. ఇవాళ నేర్చుకున్నది పదేళ్ళ తర్వాత కూడా పనికొస్తుంది. మారని హద్దు మీద నైపుణ్యం పోగవుతుంది. మారిపోయే హద్దు మీద ఏదీ పోగవ్వదు.

నా పనిలోంచే రెండు అనుభవాలు చెప్తాను, తేడా మీకే తెలుస్తుంది.

తిరుపతిలో ఒకాయన ఇల్లు కట్టుకుని, హాల్లో రెండు కిటికీల మధ్య గోడకి గజేంద్ర మోక్షం కావాలని వచ్చారు. ఆ గోడ చాలా సన్నం, బాగా పొడుగు. మా పెద్ద గుడ్డలు మామూలుగా అడ్డంగా ఉంటాయి. మధ్యలో పెద్ద బొమ్మ, చుట్టూ పట్టీల్లో కథ, పట్టీ అంచున తెలుగులో రెండు ముక్కలు రాస్తాం. గజేంద్ర మోక్షం కూడా అడ్డంగానే గీసేదాన్ని. ఒక పక్క మడుగు, ఏనుగు, మొసలి. ఇంకో పక్క నుంచి గరుడుడి మీద స్వామి వస్తుంటాడు.

సన్నటి గుడ్డలో అది ఇమడదు. కిందంతా మడుగు, మొసలి. దాని మీద ఏనుగు. పైన స్వామి. ఇలా పేర్చేసరికి ఏనుగు తల పూర్తిగా పైకెత్తాల్సి వచ్చింది. అడ్డ గుడ్డలో ఏనుగు పక్కకి చూసేది, ఎవరో వస్తున్నారని చూసినట్టు. ఇక్కడ మెడ వెనక్కి విరిగి, కన్ను పైకి లేచి, తొండం నిలువునా సాగి, కొసన తామరపువ్వు. ఇక ఆ బొమ్మ కింద "మొర పెట్టుకొనుట" అని రాయాల్సిన పని లేకపోయింది.

ఇందులో ఇంకో చిక్కు. ఆ తొండం గుడ్డ మొత్తం మీద అన్నిటికంటే పొడవైన గీత. కలం ఒక్కసారి ముంచితే వచ్చే కసిమి ఆ గీతకి చాలదు. మధ్యలో ఆగి, మళ్ళీ ముంచి, ఆగిన చోట మొన ఆనిస్తే అక్కడ గీత కొంచెం లావెక్కి అతుకు బయటపడుతుంది. అందుకని ఆగే చోట్లన్నీ తొండం ముడతల దగ్గర పడేలా ముందే బొగ్గుతో గుర్తు పెట్టుకున్నాను. ముడత దగ్గర గీత లావెక్కితే అది తోలు ముడతలాగే కనిపిస్తుంది. చూసినవాళ్ళు తొండానికి భలే ప్రాణం వచ్చిందన్నారు. ఆ ప్రాణం కసిమి చాలకపోవడం వల్ల వచ్చింది. ఆ తర్వాత అడ్డ గుడ్డలు చేసినా నా ఏనుగులు తల ఎత్తే ఉంటున్నాయి, ముడతలు అలాగే పడుతున్నాయి.

ఆయన పెట్టిన హద్దు ఒక్కటే, గోడ వెడల్పు. చివరిదాకా దాన్ని మార్చలేదు. లోపల ఏం గీస్తానో అడగలేదు.

రెండోది పట్టుచీరల ఆర్డరు, ఊరు చెప్పను. మొదట పల్లులో నెమళ్ళు అన్నారు. బొగ్గు గుర్తులు పెట్టాక ఫోటో పంపితే తామరలు చెయ్యమన్నారు. ఎరుపు ఉడికాక వాట్సాప్‌లో ఇంకెవరిదో చీర పంపి "ఈ పింక్ రావాలి" అన్నారు. ఆఖరికి అనుకున్న తేదీకంటే ముందే ఇవ్వాలన్నారు. నిజానికి ఆ ఆర్డరులో కట్టుబాట్లు మా మామూలు పనికంటే తక్కువే. కానీ ఏదీ నిలబడలేదు. అలాంటప్పుడు చెయ్యి ఏం చేస్తుందంటే, ఎవరూ కాదనలేని అరిగిపోయిన డిజైన్‌కే వెళ్తుంది. ఎలాగూ మార్చమంటారని తెలిశాక మనసు పెట్టడం మానేస్తుంది. ఆ చీరల్లో నాదని చెప్పుకోవడానికి ఒక్క గీత లేదు. డబ్బు మాత్రం వచ్చింది, అది వేరే సంగతి.

మీరు షాపులో పడుతున్న బాధ ఈ రెండో రకమని నా అనుమానం. కస్టమర్ హద్దు పెట్టడం మీకు సమస్య కాకపోవచ్చు. పెట్టిన హద్దు మీద ఆయన నిలబడకపోవడం సమస్య.

మా ఊరి నుంచే ఇంకో సంగతి చెప్పాలి. నాకు చాలా ఇష్టమైన సంగతి, బొమ్మలకి సంబంధించింది కాదు. మా ఊరి దేవుడి మీద శతకం చెప్పిన ధూర్జటి మీకు తెలిసే ఉంటాడు. ప్రతి పద్యం చివర "శ్రీకాళహస్తీశ్వరా" అని మకుటం. బడిలో మా తెలుగు సారు ఈ మకుటాన్ని బోర్డు మీద రాసి గురులఘువులు గుర్తించమన్నారు. గురువు, గురువు, లఘువు, మళ్ళీ గురువు, గురువు, లఘువు, చివర గురువు. ఏడక్షరాలు. ఆయన శార్దూలం, మత్తేభం పక్కపక్కన రాసి చూపించారు. శార్దూలంలో పాదానికి 19 అక్షరాలు, యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవాల్సిన చోటు, 13వ అక్షరం మీద. మత్తేభంలో 20 అక్షరాలు, యతి 14వ అక్షరం మీద. రెండింట్లోనూ యతి దగ్గర నుంచి చివరిదాకా మిగిలేది సరిగ్గా ఏడక్షరాలు, అవి కూడా ఇదే గురులఘువుల వరసలో. అంటే మకుటం రెండు వృత్తాల్లోనూ కొలిచి పెట్టినట్టు కూర్చుంటుంది.

మరి దీనివల్ల కవికి పడే ముడి ఏమిటి? మకుటం మొదటి అక్షరం "శ్రీ" సరిగ్గా యతి స్థానంలో పడింది. కాబట్టి నాలుగో పాదం మొదటి అక్షరం దానితో యతి కుదరాలి. చ, జ, శ, ష, స లాంటి అక్షరాల్లో ఒకటి, దాని మీద ఇ, ఈ, ఎ, ఏ, ఋ లాంటి అచ్చు. నూరు పద్యాలకి పైగా, ప్రతి దాంట్లో చివరి పాదం ఈ చిన్న గుంపులోంచే మొదలవ్వాలి. ఇంకో కవి అయితే ఊపిరాడదనేవాడేమో. ధూర్జటి ఆ ఇరుకులోనే రాజులని తిట్టాడు, తన ఆశలని తిట్టుకున్నాడు, శివుణ్ణి నిలదీశాడు, కాళ్ళు పట్టుకున్నాడు. చివర ఎక్కడికి చేరాలో ముందే తెలుసు కాబట్టి మొదటి మూడు పాదాల్లో ఎంత దూరమైనా వెళ్ళగలిగాడని నాకనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం, ఛందస్సు చదువుకున్నవాళ్ళు ఇంకోలా చెప్పవచ్చు.

మీ తిరుపతిలో అన్నమయ్య ఉన్నాడు. ఆయన కీర్తన సాధారణంగా పల్లవి, మూడు చరణాలు, చివర వేంకటేశ ముద్ర. వేల కీర్తనలు రాగిరేకుల మీద మనకి మిగిలాయి. ఆ ఒక్క చట్రంలోనే లాలిపాట, దంపుళ్ళ పాట, వేదాంతం, శృంగారం అన్నీ పట్టాయి. ప్రతి రోజూ "ఇవాళ ఏ ఆకారంలో రాయాలి" అని మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తే అన్ని వేలు వచ్చేవి కావు.

ఇప్పుడు రెండో వైపు. దయచేసి దీన్ని దాటేసి పోకండి.

కష్టాన్ని కళకి ఎరువని పొగిడేవాళ్ళ మాట నమ్మకండి. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నాకు దొరికింది వాళ్ళు బడి నుంచి వచ్చేలోపు మధ్యాహ్నం కాసేపు. అది తక్కువే, కానీ రోజూ అదే వేళ. దాన్ని బట్టి పని విడగొట్టుకున్నాను. పొద్దున వంట చేస్తూ ఏ బొమ్మ ఎటు తిరగాలో మనసులో తేల్చుకునేదాన్ని. మధ్యాహ్నం కూర్చోగానే గీతే. అది నాకు మేలు చేసిన హద్దు. నా చెయ్యి వేగం అందుకుంది అప్పుడే.

తర్వాత మా అత్తమ్మకి జబ్బు చేసింది. మంచం మీద ఉన్నారు. రాత్రి నిద్ర లేదు, పగలు ఏ నిమిషం నాదో తెలియదు. ఆ ఏడాది నేను గీసింది ఏమీ లేదు. ఆమెకి చేసినందుకు నాకు బాధ లేదు, చెయ్యాల్సిందే, చేశాను. కానీ ఆ ఏడాది నా కళకి ఏదో నేర్పిందని మాత్రం చెప్పలేను. నేర్పిందని చెప్పుకుంటే బాగుంటుంది, వినేవాళ్ళకీ నచ్చుతుంది. నిజం కాదు.

డబ్బు కూడా అంతే. ఒక వ్యాపారి సరుకు తీసుకుని నెలల తరబడి డబ్బు ఇవ్వకుండా తిప్పాడు. ఇంట్లో అప్పు. అప్పున్నప్పుడు కొత్త బొమ్మ గీయబుద్ధి కాదు. పోయిన నెల ఏది అమ్ముడుపోయిందో అదే మళ్ళీ గీస్తాం, అదే చెట్టు, అదే నెమలి. ఆకలి మనిషిని ధైర్యవంతుణ్ణి చేస్తుందంటారు, నేను చూసినంతలో జాగ్రత్తపరుణ్ణి చేస్తుంది.

నీళ్ళ సంగతి చెప్పకపోతే ఈ జవాబు అబద్ధమవుతుంది. మా పనికి పారే నీళ్ళు కావాలి. ఉతికేటప్పుడు అక్కర్లేని రంగు, పటిక వదిలి కిందికి పోవాలి. నిలిచిన నీళ్ళలో ఉతికితే వదిలినదే మళ్ళీ గుడ్డకి పట్టి మరకలు పడతాయి. శ్రీకాళహస్తిలో ఈ పని ఇంతగా నిలదొక్కుకోవడానికి స్వర్ణముఖి ఒక కారణం. ఆ ఏరులో ఇప్పుడు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసకే. బోరు నీళ్ళు, తొట్లు, ట్యాంకర్లు పెట్టుకుని చేస్తున్నాం. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు కొందరు "నీళ్ళు లేకపోయినా కొత్త దారి కనిపెట్టారే" అని మెచ్చుకుంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ దానివల్ల కొత్త అందం ఏదీ పుట్టలేదు. ఖర్చు పెరిగింది, ఉతుకులు తగ్గాయి, రంగులో తేటదనం తగ్గింది. కొందరు పని మానేశారు. ఆ అడ్డంకిని తొలగించాలి. దాన్ని పొగడకూడదు.

అలాగే నడుం. నేల మీద కూర్చుని వంగి గీసే పని. నడుం నొప్పినీ, కళ్ళ మంటనీ ఓర్చుకోవడం సాధన అనుకునే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళకి మొదట ఎత్తు బల్ల వేసి ఇస్తాను, కిటికీ పక్కన కూర్చోబెడతాను. గీత చెరగకపోవడం పనిలో భాగం. నడుం విరగడం పనిలో భాగం కాదు.

ఇక మీరేం చెయ్యొచ్చో నాకు తోచింది చెప్తాను.

మీ రాత్రి గంట గురించి ముందు. ఆ గంటలో "ఏదైనా గీయొచ్చు" అనుకోవడమే దాన్ని తినేస్తున్నట్టుంది. షాపులో రోజంతా అలిసి వచ్చిన బుర్రకి ఏదైనా అంటే ఏమీ తోచదు, ఫోన్ తీస్తుంది. కాబట్టి మీరే ఒక హద్దు పెట్టుకోండి. పోస్టుకార్డంత కాగితం, నల్ల ఇంకు ఒక్కటే, పెన్సిల్ గుర్తులు లేవు. విషయం కూడా ఒక్కటే. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టేవాళ్ళ చేతులు అనుకోండి. దారం పళ్ళతో పట్టుకునేవాళ్ళు, కాలి వేలికి చుట్టుకునేవాళ్ళు, మూర కొలిచేవాళ్ళు. రోజుకి ఒక కార్డు. మూడు నెలలు దాన్ని మార్చకండి. మొదట్లో హుషారుగా ఉంటుంది. కొన్నాళ్ళకి విసుగొస్తుంది, "చేతులు అయిపోయాయి, ఇక గోపురాలు గీద్దాం" అనిపిస్తుంది. అప్పుడు మార్చారంటే మొత్తం పోయినట్టే. ఆ విసుగు వచ్చిందంటే మీకు అప్పటికే తెలిసిన చేతులు అయిపోయాయని అర్థం. తర్వాత గీసేవి చూసి గీయాల్సిందే. నా దగ్గర నేర్చుకునేవాళ్ళకి మొదట్లో ఒక్క నలుపే ఇస్తాను, రంగులు తాకనివ్వను. గొడవ చేస్తారు. రంగు చేతికిచ్చే సమయానికి చాలామంది ఇంకొన్నాళ్ళు నలుపుతోనే ఉంటామంటారు.

షాపు పనిలో కూడా మారని హద్దులు కొన్ని ఉన్నాయి, వాటిని పట్టుకోండి. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకీ ఒక్కో స్క్రీన్, కాబట్టి పెళ్ళి కార్డు తరచుగా ఒకటి రెండు రంగుల్లో తేల్చాలి. అది మా పటిక, కసిమి లాంటిదే, దానికి గొడవ పడకండి. ఆ రెండు రంగుల్లో ఎంత దూరం పోవచ్చో చూడండి. కాగితం రంగే మీకు మూడో రంగు. ఫాంట్ల సంగతి కూడా ఉంది. షాపుల్లో అందరూ "అను" అనే తెలుగు సాఫ్ట్‌వేర్ ఫాంట్లలో ఉన్న అవే నాలుగైదు అక్షరాల తీరులు వాడతారు, అందుకే కార్డులన్నీ ఒకే ఇంట్లోంచి వచ్చినట్టుంటాయి. వధూవరుల పేర్లు రెండూ మీరు చేత్తో రాసి స్కాన్ చెయ్యండి. తెలుగు అక్షరానికి వత్తు కిందికి దిగుతుంది, గుడి పైకి లేస్తుంది, ప్రతి జంట పేర్లలో ఇవి వేరే చోట్ల పడతాయి. ఒక పేరు వత్తు ఇంకో పేరు గుడిలో ఎలా ఇముడుతుందో చూసుకోవడమే ఒక పెద్ద ఆట. కస్టమర్ దీనికి అడ్డు చెప్పడు, పేరు అందంగా ఉంటే ఎవరికి చేదు?

మాటిమాటికీ మార్పులు అడిగేవాళ్ళ విషయం మీ ఓనరుతో మాట్లాడండి. రెండు సార్లు మార్పులు ఉచితం, మూడోసారి నుంచి ఇంత అని ఆర్డరు కాగితం మీదే రాయించండి. ఆయనకీ టైం, ప్రూఫులు దండగే కాబట్టి వింటారు. పట్టుచీరల గొడవ తర్వాత నేను అదే చేస్తున్నాను. బొగ్గు గుర్తుల దశలో ఒకసారి, నలుపు గీతకి ముందు ఒకసారి చూపిస్తాను. కసిమి పడ్డాక మార్పులు లేవని కాగితం మీద సంతకం తీసుకుంటాను. వచ్చేవాళ్ళు తగ్గలేదు. ముందే బాగా ఆలోచించుకుని వస్తున్నారు.

ఉద్యోగం మానేయడం గురించి. స్వేచ్ఛ కోసమే అయితే తొందరపడొద్దు. నా దగ్గరికి ఒకబ్బాయి అలాగే వచ్చాడు, మంచి ఉద్యోగం వదిలి, చేతినిండా టైంతో. దొరికిన రంగు దినుసులన్నీ కొన్నాడు. ఏ కథ గీయాలి, ఎంత గుడ్డ తీసుకోవాలి అని తేలక నెలలు గడిచిపోయాయి. చివరికి వాళ్ళ చెల్లి పెళ్ళికి మండపం వెనక కట్టే గుడ్డ చెయ్యమని ఇంట్లోవాళ్ళు అడిగారు. కొలత, ముహూర్తం రెండూ వాళ్ళు పెట్టినవే. అతను పూర్తి చేసిన మొదటి గుడ్డ అదే, ఇప్పటికీ అతని పనిలో నాకు బాగా నచ్చింది కూడా అదే.

కానీ ఆ షాపు మీ నిద్రని, ఆరోగ్యాన్ని తినేస్తుంటే, జీతం నెలనెలా సరిగ్గా రాకపోతే, అది వేరే లెక్క. అప్పుడు ఇంకో షాపు చూసుకోండి, కళ పేరు చెప్పి ఓర్చుకోకండి. పూర్తిగా సొంత పనికే రావాలనుకుంటే కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకుని, చేతిలో తేదీ, కొలత ఖాయమైన ఒక పనైనా ఉంచుకుని రండి. ఈలోపు కార్డులు ఒక అట్టపెట్టెలో వరసగా వేసి ఉంచండి, నచ్చనివి కూడా చింపొద్దు. శ్రీకాళహస్తి వైపు ఎప్పుడైనా వస్తే ఆ పెట్టె తీసుకురండి తల్లీ, కూర్చుని చూద్దాం.